తోటలోకి పందికొక్కులు, ఎలుకలు రాకుండా నేలలో జాలీ: ఎంత లోతు, ఎంత కన్ను, గేటు కింద ఏం చేయాలి?

ఎర్రనేల
పావెకరం కూరగాయల తోట. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. ఒక వైపు ఎత్తైన గట్టు, దాని అవతల ధాన్యం పొలం. కోత అయిపోయాక గట్టులో ఉన్నవన్నీ తోట మీద పడుతున్నాయి. క్యారెట్, చిలగడదుంపల్ని కింద నుంచి తినేస్తున్నాయి. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది. డ్రిప్ పైపుల మీద కూడా పంటి గాట్లు ఉన్నాయి. చుట్టూ జాలీ పాతుదామని ఆలోచన. చికెన్ మెష్ సరిపోతుందా? ఎంత లోతు దింపాలి? కుక్క ఉంది కాబట్టి మందు జోలికి పోదలచుకోలేదు.

గట్టుమీద
జాలీ కొనే ముందు వచ్చేది ఏ జంతువో తేల్చుకోండి. కన్నం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

కలుగు నోటి దగ్గర తాజా మట్టి కుప్పగా పోసి ఉండి, నోరు లోపలి నుంచి మట్టితో పూడ్చి ఉంటే అది పందికొక్కు. ఒక్కో కలుగుకు నాలుగైదు దారులుంటాయి. వాటిలో ఒకటి రెండింటికి పైన పల్చటి మట్టి పొర మాత్రమే వదిలి ఉంచుతుంది. తరిమితే ఆ పొర పగలగొట్టుకుని బయటపడుతుంది. లోపల గింజలు దాచుకునే అరలు కూడా ఉంటాయి. మట్టి కుప్ప లేకుండా, నున్నటి నోళ్లు నాలుగైదు ఒకే పొద కింద కనిపిస్తే అది వేరే జాతి పొలం ఎలుక. రెండు మూడు సెంటీమీటర్ల చిన్న కన్నమైతే చిట్టెలుక. తడి గట్టు మీద చుట్టూ బురద ఉండలు పేర్చినట్టుంటే అది పీత, దాన్ని వదిలేయండి. పాము తనంతట తాను కలుగు తవ్వదు, ఎలుక వదిలేసిన దాంట్లో దూరుతుంది. అందుకని ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టొద్దు.

సాయంత్రం కనిపించిన కన్నాలన్నీ మట్టితో మూసేసి, పక్కన ఒక్కో పుల్ల గుచ్చండి. పొద్దున తిరిగి తెరుచుకున్నవే ఎలుకలున్న కలుగులు. నేల మీద కనిపించే కన్నాల్లో చాలా భాగం ఖాళీవే, వాటి మీద శ్రమ పెట్టకండి.

వేపనీడ
చికెన్ మెష్ వద్దు. ఆ ఆరు పలకల కన్నులో చిట్టెలుక, పిల్ల ఎలుక హాయిగా దూరిపోతాయి. తీగ సన్నం, పందికొక్కు కొరికేస్తుంది. మట్టిలో పడితే తుప్పు కూడా త్వరగా పడుతుంది. కోళ్లను లోపల ఉంచడానికి చేసినది అది, ఎలుకను బయట ఆపడానికి కాదు.

కావలసింది చదరపు కన్ను ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్. కన్ను 12 మి.మీ., తీగ 19 గేజి, అంటే సుమారు 1 మి.మీ. మందం. ఎదిగిన ఎలుకకు, పందికొక్కుకు ఇది చాలు. చిట్టెలుకలు కూడా ఆగాలంటే 6 మి.మీ. కన్ను కావాలి. దాన్ని తోట చుట్టూ వేయనక్కర్లేదు, నారుమడికి, విత్తనాల గదికి వాడండి.

కొనేటప్పుడు తీగలు కలిసే చోటు దగ్గరగా పెట్టి చూడండి. వెల్డింగ్ అయ్యాక జింకు పూత వేసిన జాలీలో అతుకు మీద కూడా పూత కమ్మి, కొద్దిగా ముద్దకట్టినట్టు కనిపిస్తుంది. పూత వేసిన తీగను తర్వాత వెల్డ్ చేస్తే ఆ అతుకు దగ్గర పూత కాలిపోయి నల్లటి చుక్క ఉంటుంది. మట్టిలో తుప్పు మొదలయ్యేది అక్కడే. నేలలోకి దిగే జాలీకి మొదటి రకమే కొనండి. ఆమ్ల గుణం ఉన్న నేలల్లో జింకు ఇంకా త్వరగా కరుగుతుంది.

ఎర్రనేల
వచ్చేది పందికొక్కే. మట్టి కుప్పలు, మూసిన నోళ్లు, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. కానీ అది మీటరు లోతుకు కూడా పోతుందంటారు కదా? నేను 45 సెం.మీ. లోతు దింపుదామనుకున్నా, ఆ జాలీ దానికి అడ్డమవుతుందా?

వేపనీడ
నిలువుగా మాత్రమే దింపితే అడ్డం కాదు, కిందుగా పోయి అవతల తేలుతుంది. అందుకే అడుగున జాలీని బయటి వైపుకు 30 సెం.మీ. మడవాలి. పక్క నుంచి చూస్తే ఆంగ్ల "ఎల్" అక్షరంలా కనిపించాలి. ఎలుక అడ్డు తగిలిన చోట, గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. దిగిన కొద్దీ కాళ్ల కింద ఆ మడత తగులుతుంది. అడుగున్నర వెనక్కి జరిగి కొత్తగా తవ్వుదామన్న ఆలోచన దానికి రాదు. పక్కకు జరిగి మళ్లీ గోడ మొదట్లోనే తవ్వుతుంది. జాలీ పని చేసేది లోతు వల్ల కన్నా ఆ మడత వల్లే. మడత లోపలి వైపుకు పెడితే మొత్తం శ్రమ వృథా.

కందకం 45 సెం.మీ. లోతు, మడత పరుచుకునేలా కనీసం 35 సెం.మీ. వెడల్పు తవ్వండి. 120 సెం.మీ. వెడల్పు చుట్ట తీసుకుంటే అడుగు మడతకు 30, నేలలోకి 45, నేల పైకి 45 వస్తుంది. పై భాగానికి 90 సెం.మీ. చుట్టను 10 సెం.మీ. పైకెక్కించి కట్టండి. నేల పైన మొత్తం 125 సెం.మీ. ఎత్తు వస్తుంది. ఇనుప యాంగిల్ స్తంభాలు రెండున్నర మీటర్లకు ఒకటి పాతితే చాలు, కానీ జాలీ వాటికి బయటి వైపు ఉండాలి.

చుట్టకూ చుట్టకూ మధ్య 15 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వేసి, ప్రతి 15 సెం.మీ.కు ఒక కట్టు కట్టండి. కట్టడానికి జీఐ తీగే వాడండి. సెంట్రింగ్ పనివాళ్లు వాడే నల్ల బైండింగ్ వైరు మట్టిలో ముందే తుప్పు పట్టి తెగుతుంది. జాలీ బాగానే ఉంటుంది, అతుకు మాత్రం నోరు తెరుచుకుంటుంది.

నల్లరేగడి
పైన చెప్పింది ఎర్ర నేలకు, ఇసుక నేలకు సరిగ్గా సరిపోతుంది. నల్ల నేలలో ఒక చిక్కుంది. ఎండాకాలంలో నేల నెర్రెలిస్తుంది. నెర్రె జాలీ అడుగు దాటి దిగితే ఎలుకకు తవ్వే పనే లేదు, దారి తయారుగా ఉంటుంది. కొన్ని పొలం ఎలుకలు ఆ నెర్రెల్లోనే కాపురం పెడతాయి.

ఇలాంటి నేలలో 60 సెం.మీ. తవ్వి, తీసిన మట్టినే తిరిగి పోయకుండా కందకాన్ని 25 మి.మీ. పైబడ్డ కంకరతో నింపండి. ప్రతి 15 సెం.మీ.కు ఒకసారి దిమ్మిసతో కొట్టండి. కంకర నెర్రెలివ్వదు. తవ్వబోతే రాళ్లు జారి కన్నం మూసుకుపోతుంది. నిండా కంకర పోయడం భారమనుకుంటే జాలీకి బయటి వైపు 15 సెం.మీ. మందాన, పైనుంచి 30 సెం.మీ. వరకైనా పోయండి.

నేల రాతిదై గడ్డపార దిగని చోట కందకం మానేయండి. జాలీని గోడ మొదలు నుంచి బయటికి 60 సెం.మీ. నేల మీదే పరిచి, ప్రతి 30 సెం.మీ.కు ఒక యూ మేకు దిగ్గొట్టండి. గడ్డి పెరిగి దాన్ని పట్టేస్తుంది. ఆ తర్వాత గడ్డి కోసే యంత్రం దాని మీదికి రాకుండా చూసుకోవాలి.

లెక్కలమనిషి
చుట్టు కొలత 130 మీటర్లు. నేలలోకి దిగే 120 సెం.మీ. జాలీకి 15 మీటర్ల చుట్టలు 9 అంటే 135 మీటర్లు. అతుకుల్లో దాదాపు మీటరున్నర పోతుంది. మూలలు తిప్పడానికి కొంత పోతుంది. బొటాబొటిగా సరిపోతుంది కాబట్టి పదోది కూడా తెచ్చుకోండి. మిగిలిన ముక్క గేటుకు, తూముకు పనికొస్తుంది.

అయితే పావెకరం అంతా చుట్టాలా? పందికొక్కు ముందు పడేది దుంపల మీద, వేరుశనగ మీద. వాటన్నిటినీ 10 మీటర్ల చదరంలోకి తెచ్చి దాని చుట్టూ మాత్రమే వేస్తే 40 మీటర్లే. కింది జాలీకి 3, పై 90 సెం.మీ. జాలీకి 3 చుట్టలతో పని అయిపోతుంది. బెండ, వంగ, తీగ కూరలు బయట ఉంచండి. నా సలహా ఇదే. పెద్ద కంచె వేసి ఒక మూల వదిలేయడం కన్నా చిన్న కంచెను గట్టిగా వేయడం మేలు.

ఇంకా చిన్నదైతే ఎత్తు మడులు కట్టి, ప్రతి మడి అడుగున జాలీ పరిచి, అంచుల్ని చెక్క లోపలి వైపు 10 సెం.మీ. పైకి మడిచి వాషర్లు వేసిన స్క్రూలతో బిగించండి. జాలీ మీద కనీసం 30 సెం.మీ. మట్టి ఉండాలి. లేకపోతే క్యారెట్ కొన జాలీకి తగిలి రెండుగా చీలుతుంది.

ఎర్రనేల
దుంపల చదరం ఆలోచన నచ్చింది. మరి గేటు?

వేపనీడ
సగం కంచెలు ఓడిపోయేది గేటు దగ్గరే. చుట్టూ జాలీ బాగుంటుంది, గేటు కింద మూడు వేళ్ల సందు ఉంటుంది.

గేటు వెడల్పుకు రెండు వైపులా 15 సెం.మీ. ఎక్కువగా, 45 సెం.మీ. లోతున కాంక్రీటు గడప పోయండి. పక్కన దిగే జాలీ అంచును కాంక్రీటు తడిగా ఉన్నప్పుడే అందులో 10 సెం.మీ. కూర్చోబెట్టాలి. కాంక్రీటు ఆరాక పక్కన ఆనించి వదిలేస్తే ఆ సందులోంచే దారి పడుతుంది. గేటుకూ గడపకూ మధ్య ఎలుక ఆగాలంటే 12 మి.మీ., చిట్టెలుక ఆగాలంటే 6 మి.మీ. మించొద్దు. గేటు అడుగున 30 సెం.మీ. ఎత్తు జీఐ రేకు బిగించండి. చెక్క గేటైతే ఇది తప్పనిసరి, లేకపోతే మూల కొరికి దారి చేసుకుంటుంది. అడుగున రబ్బరు పట్టీ ఒక్కటే పెడితే నిలవదు. బందులు కాలక్రమంలో వదులై గేటు ఒక వైపుకు వాలిపోతుంది. మూడు బందులు పెట్టండి.

నీరు పోయే తూముకు 12 మి.మీ. జాలీ మూత పెట్టండి, కానీ తీయడానికి వీలుగా ఉండాలి. చెత్త అడ్డం పడితే నీరు నిలిచి కందకం కోసుకుపోతుంది.

పెరటిపచ్చ
పైకి ఎక్కి రావా? 12 మి.మీ. జాలీ అంటే ఎలుకకు నిచ్చెనే కదా.

గట్టుమీద
పందికొక్కు బరువు జంతువు, ఎక్కడం తక్కువ. ఇళ్లలో, చెట్ల మీద తిరిగే నల్ల ఎలుక మాత్రం చకచకా ఎక్కేస్తుంది. అది కూడా ఉంటే జాలీ పై అంచున బయటి వైపు 30 సెం.మీ. నున్నటి జీఐ రేకు పట్టీ బిగించండి, కాలు ఆనదు. రేకుల అతుకులు నిలువుగా వస్తాయి, ఆ అంచు బయటికి పొడుచుకు వస్తే దాన్నే పట్టుకుంటుంది. కాబట్టి అతుకుల్ని సుత్తితో నున్నగా కొట్టండి. బయట మీటరు మేర గడ్డి, తీగలు లేకుండా ఉంచాలి. కంచె మీదికి వంగిన ఒక్క కొమ్మ ఉన్నా రేకు ఉండి లాభం లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట. లోపల ఎలుకలుండగా కంచె మూసేస్తే వాటిని మీరే లోపల పెట్టి కాపలా కాసినట్టవుతుంది. మూడు వైపులా ముందు పూర్తి చేసి, ఒక వైపు తెరిచి ఉంచండి. లోపలి కన్నాలన్నీ రోజూ సాయంత్రం మూసి పొద్దున చూడండి. వారం పాటు ఒక్కటి కూడా తెరుచుకోకపోతే అప్పుడు నాలుగో వైపు మూయండి. తెరుచుకుంటూనే ఉంటే బోన్లు పెట్టండి.

బోనుపట్టు
బోను గురించి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి రోజే బిగించి పెడితే దాని పక్క నుంచి తిరిగి వెళ్లిపోతుంది. మూడు నాలుగు రోజులు ఎర పెట్టి, బోను బిగించకుండా వదలండి. ఎర తినడం మొదలుపెట్టాక బిగించండి. ఎర శనగగింజంత చాలు. ఎక్కువ పెడితే మీట కదలకుండా అంచున ఉన్నది తిని పోతుంది. వేయించిన కొబ్బరి ముక్కనో వేరుశనగ ముద్దనో దారంతో మీటకు కట్టండి, లాగక తప్పదు.

కొట్టే బోనును గోడకు అడ్డంగా, మీట ఉన్న కొస గోడకు తగిలేలా పెట్టాలి. ఎలుక గోడ వెంబడే నడుస్తుంది. గోడకు సమాంతరంగా పెడితే వెనక నుంచి వచ్చి దూకి పోతుంది. పందికొక్కుకు చిన్న కొట్టు బోను చాలదు, గాయపడి తప్పించుకుంటుంది. పెద్ద సైజుదే కొనండి. ఒకటి రెండు పెట్టి కూర్చోవద్దు, ఒకేసారి పది పన్నెండు పెట్టండి. గర్భం మూడు వారాలే, ఈత ఈతకూ ఆరు నుంచి పది పిల్లలు. రోజుకొకటి పడుతుంటే సంఖ్య తగ్గదు.

బతికి పడ్డదాన్ని దూరం తీసుకెళ్లి వదలడం పరిష్కారం కాదు, ఇంకొకరి చేనులో పడుతుంది. చేతికి తొడుగులు, కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకోండి. ఎలుక మూత్రం కలిసిన తడి నేల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. పగుళ్లు, గాయాలు ఉంటే ముందు కట్టు కట్టుకోండి.

చేనుకాపరి
మందు అసలు వద్దనడం కూడా సరి కాదేమో. గట్టులో యాభై కలుగులుంటే బోన్లతో ఏం తేలుతుంది? జింకు ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు ఉంది. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, ఆ మందు 2 పాళ్లు కలిపి పెడితే పొలంలో బాగానే పని చేస్తుంది.

గట్టుమీద
> గట్టులో యాభై కలుగులుంటే బోన్లతో ఏం తేలుతుంది

పొలం గట్టు మీద, అందరూ కలిసి ఒకేసారి పెట్టేటట్టయితే మీ మాట నిజం. అప్పుడు కూడా వరస తప్పకూడదు. మొదటి రోజు కన్నాలు మూయాలి. రెండో రోజు తెరుచుకున్న వాటిలో మందు లేని నూకలు, నూనె కలిపి 20 గ్రాములు వేయాలి. ఒక రోజు ఆగి, నాలుగో రోజు 10 గ్రాముల మందు ఎర కాగితంలో చుట్టి కలుగు లోపలికి తోసి మూయాలి. అలవాటు ఎర వేయకుండా నేరుగా మందు పెడితే కొద్దిగా రుచి చూసి, జబ్బు పడి, బతికినది మళ్లీ చాలాకాలం దాన్ని ముట్టదు. వాసన పట్టిన పాత నూనె వాడినా తినదు. చనిపోయిన వాటిని ఏరి లోతుగా పాతిపెట్టడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంటి పక్క కూరగాయల తోటలో మాత్రం నేను వద్దనే చెబుతాను. జింకు ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. తడి తగిలితే, కడుపులోని ఆమ్లం తగిలితే ఫాస్ఫీన్ అనే విష వాయువు వస్తుంది. కుక్క, కోడి, చిన్న పిల్లలు తిరిగే చోట అది ఉండకూడదు. బ్రోమాడియోలోన్ అనే ఇంకో ఎలుకల మందు బిళ్లలకు విటమిన్ కె1 విరుగుడు ఉంది నిజమే. కానీ ఎలుక చావడానికి మూడు నుంచి పది రోజులు పడుతుంది. ఆలోపు మందగించి తిరిగే ఎలుకను పట్టి తిన్న గుడ్లగూబకు, పిల్లికి కూడా విషం ఎక్కుతుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు శిక్షణ పొందిన వాళ్ల పని. ఇంటి పునాదికి ఆనుకుని ఉన్న కలుగులో వేస్తే ఆ విష వాయువు ఇంట్లోకే వస్తుంది.

నల్లరేగడి
మందు లేకుండా గట్టు ఖాళీ చేయాలంటే పొగ ఉంది. ఎండుగడ్డి నింపిన పొగ యంత్రంతో ఒక్కో కలుగులోకి రెండు మూడు నిమిషాలు పొగ కొట్టాలి. ఇంకే కన్నంలోంచి పొగ లేచినా దాన్ని వెంటనే మట్టితో మూయాలి. ఇద్దరు లేకపోతే ఈ పని కాదు. తడి నేలలో బాగుంటుంది. నెర్రెలిచ్చిన నేలలో పొగంతా పైకే పోతుంది. ఎండిన గడ్డి చుట్టూ ఉంటే అసలు మొదలుపెట్టొద్దు.

గట్టు మీ సొంతమే అయితే దాన్ని సన్నం చేయండి. 45 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు దాటని గట్టులో పందికొక్కు పెద్ద కలుగు కట్టలేదు. వెడల్పాటి పాత గట్లే వాటికి కోటలు.

పెరటిపచ్చ
శబ్దం చేసే కరెంటు పరికరాలు, వెల్లుల్లి, పుదీనా నూనె, పిల్లి, గుడ్లగూబ. వీటిలో ఏది నమ్మొచ్చు?

వేపనీడ
పరికరాలు వద్దు. ఆ శబ్దం మట్టిలోకి, గోడ అవతలికి పోదు. ఎలుకలు కొద్ది రోజుల్లోనే అలవాటు పడతాయి. వాసనలు వాన పడే వరకే. పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది, ఎదిగిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు.

గుడ్లగూబ నిజంగా మేలు చేస్తుంది. మూడు మీటర్ల కర్ర మీద అడ్డ కర్ర కొట్టి తోటలో నాలుగైదు చోట్ల నాటండి, రాత్రి దాని మీద కూర్చుని వేటాడుతుంది. అయితే అది ఎలుకల సంఖ్యను తగ్గిస్తుంది తప్ప సున్నా చేయదు. విషం పెట్టే చోట దాన్ని పిలవడం తప్పు.

మొక్కలబుట్ట
పండ్ల మొక్కలు నాటేవాళ్లకు ఒక మాట. వేరును కాపాడే బుట్టకు మందపు జీఐ జాలీ వాడితే వేరు లావెక్కాక తీగ దాన్ని కోసేస్తుంది. పూత లేని మామూలు ఇనుప జాలీతో బుట్ట చేయండి. మొక్క లేతగా ఉన్నన్నాళ్లు కాపాడుతుంది, తర్వాత తుప్పు పట్టి మట్టిలో కలుస్తుంది. బుట్ట అంచు నేల పైకి 10 సెం.మీ. రావాలి. ముళ్లపంది ఉన్నచోట మొదలు చుట్టూ విడిగా 60 సెం.మీ. ఎత్తు గట్టి జాలీ గొట్టం పెట్టాలి, అది బెరడు చుట్టూ కొరికి చెట్టునే చంపుతుంది.

చేనుకాపరి
అడవి పందికి ఈ సన్న జాలీ ఏమాత్రం చాలదు, ముట్టెతో ఎత్తేస్తుంది. దానికి విడిగా, బయట మీటరు దూరంలో, పల్స్ ఇచ్చే (ఆగి ఆగి షాక్ కొట్టే) సోలార్ కంచె పెట్టండి. మొదటి తీగ నేలకు 20 నుంచి 25 సెం.మీ., రెండోది 45 సెం.మీ. ఎత్తులో, ముట్టెకు తగిలేలా ఉండాలి. గడ్డి తీగకు తగిలితే దెబ్బ బలం తగ్గుతుంది. మెయిన్ లైను కరెంటు మాత్రం ఎవరూ ఎప్పుడూ కంచెకు ఇవ్వొద్దు, అది మనుషుల్ని చంపుతుంది.

పెరటిపచ్చ
నత్తలకు?

మొక్కలబుట్ట
జాలీ ఆపదు. సాయంత్రం తడి గోనెసంచి పరిచి పొద్దున కింద చేరిన వాటిని ఏరండి, తొడుగులు వేసుకుని. గుళికలే కావాలంటే ఐరన్ ఫాస్ఫేట్ ఉన్నవి. మెటాల్డిహైడ్ కుక్కలకు ప్రమాదం.

ఎర్రనేల
చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. దుంపల చదరానికి కింద 3, పైన 3 చుట్టలు, కాంక్రీటు గడప, మూడు వైపులు ముందు. డ్రిప్ పైపుల సంగతి మిగిలింది.

లెక్కలమనిషి
ఎలుక ముందు పళ్లు బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. ఎండాకాలంలో అయితే నీటి కోసం కూడా కొరుకుతుంది. మొక్కల వరసల వెంబడి పోయే లేటరల్ పైపుల్ని మట్టిలో పాతకుండా, ఆకుల కింద కప్పకుండా పైనే తేటగా కనిపించేలా పరచండి. ఎలుకకు తెరిచిన చోటు భయం, కొరుకుడు తగ్గుతుంది. నీళ్లు ఆపాక పైపుల చివరి ఎండ్ క్యాప్‌లు తీసి ఖాళీ చేయండి. కంచె బయట ఉండే మెయిన్ పైపును జీఐ గొట్టంలోంచి లోపలికి తీసుకురండి. గొట్టానికీ పైపుకీ మధ్య సందులో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయండి. పీచు లేకుండా సిమెంటు ఒక్కటే పూస్తే, అది గట్టిపడే లోపే గీకి తీసేస్తుంది.

వేపనీడ
అదే గొట్టం జాలీని దాటే చోట కన్నం పెద్దదిగా కోయకండి. నాలుగు తీగలు మాత్రమే కత్తిరించి, కొసల్ని గొట్టం మీదికి మడిచి జీఐ తీగతో చుట్టండి. వాన పడిన మర్నాడు కంచె వెంబడి ఒక చుట్టు నడిచి చూడండి. తడి నేల మీద కొత్త మట్టి కుప్ప ఇట్టే కనిపిస్తుంది. కందకంలో మట్టి దిగి జాలీ మడత బయటపడిన చోట అప్పుడే పూడ్చేయండి.